వలలోంచి విడిపించే వేళ్లు

గబ్బిలాలను లెక్కపెట్టేవాళ్ల పని పొద్దుగూకాక మొదలవుతుంది. వాగు మీదో, గుహ ముందో రెండు కర్రల మధ్య వెంట్రుకంత సన్నని నల్లటి వల కడతారు. మాటిమాటికీ వెళ్లి చూడాలి.

నాకు అబ్బురమనిపించేది విడిపించే ఒడుపు. గబ్బిలం ఏ వైపు నుంచి వలలో పడిందో ముందు పోల్చుకోవాలి. తొందరపడితే రెక్కలోని సన్నని వేలి ఎముక విరుగుతుంది. కొన్ని జాతులు అయిదారు గ్రాములకు మించవు! గుడ్డసంచిలో తూచి, జాతి ఆనవాలు కోసం ముంజేతి పొడవు కొలిచి, మళ్లీ చీకట్లోకి వదిలేస్తారు.

ఎత్తున ఎగిరేవి వలకు చిక్కవు. మన చెవికి అందని వాటి కూతలను పట్టే డిటెక్టర్ పెట్టాలి. పళ్లు తినేవి, కొమ్మల సందుల్లో పురుగులు పట్టేవి, పైగాలిలో వేటాడేవి ఒకే చోట ఎలా సర్దుకుంటున్నాయో తెలియాలంటే వల, డిటెక్టర్ రెండూ కావాలి.

ఇలాంటి ఓపిక ఏం చేయగలదో కోలార్ ఆకుముక్కు గబ్బిలం చూపిస్తుంది. అది ఇప్పుడు కర్ణాటకలో, హనుమనహళ్లి దగ్గరి ఒకే ఒక్క గుహలో మిగిలింది. ఆ చుట్టుపక్కల గ్రానైట్ తవ్వకాలు సాగేవి. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వెళ్లిన భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు ఓపిగ్గా చేసిన సర్వేలే ఆ గుహ కాపుదలకు దారి వేశాయి. రెండు వందలైనా లేని ఆ ప్రాణులు రాత్రయితే ఇంకా బయటికి ఎగురుతున్నాయి.