సమాధి చుట్టూ లేచిన దేవాలయము: బందరు సెయింట్ మేరీస్

మచిలీపట్నములోని సెయింట్ మేరీస్ దేవాలయమును గూర్చి వ్రాసినవారు తరచుగా ఒకే కథ వ్రాస్తారు. ఈస్టిండియా కంపెనీ సేనాధిపతి జనరల్ జాన్ పేటర్ ప్రేమించిన అరబెల్లా రాబిన్సన్ 1809లో మరణించింది. వారికి వివాహము కానందున ప్రతిష్ఠిత శ్మశానభూమిలో ఆమెను పాతిపెట్టుటకు చాప్లిన్ ఒప్పుకొనలేదట. పేటర్ వేరొక స్థలములో సమాధి చేసి, సొంత ఖర్చుతో దానిపై దేవాలయము కట్టించి కంపెనీకి అప్పగించాడని చెప్తారు. గాజు పెట్టెలో శవమని, దానిని పైకి లేపే యంత్రమని చిలవలు పలవలు కూడా చేరినవి. వాటిని పక్కన పెట్టెదము.

గోదావరి డెల్టా సంఘములకు బందరు పరాయి ఊరు కాదు. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబములు బందరు మీదుగానే నర్సాపురము చేరినవి. 1841లో ఫాక్స్, నోబుల్ అక్కడే పని ప్రారంభించిరి. అయినను దండు దొరల కొరకు లేచిన ఈ కట్టడమును ప్రేమకథగా విని వదలివేయుట మనకు అలవాటైనది. మా అభ్యంతరము ఇక్కడనే.

సాధారణముగా దేవాలయము ముందు, సమాధులు తరువాత. ఇక్కడ సమాధి ముందు, గోడలు తరువాత. దీనికి సంఘ చరిత్రలో పోలిక లేకపోలేదు. నాలుగవ శతాబ్దములో కాన్‌స్టంటైన్ రోములో పేతురు సమాధిగా ఎంచిన చోటనే బసిలికా కట్టించాడు. కాని పేతురు హతసాక్షి. అరబెల్లా, కథ ప్రకారము, సంఘము నేల ఇవ్వనన్న స్త్రీ. ఆమెను త్రోసివేసిన సంఘమే పిమ్మట ఆమె సమాధి ఉన్న చోట ఆరాధించింది. ఈ కట్టడపు శిల్పములో ఇంతకంటె గొప్ప సంగతి మాకు కనబడదు. గవిని వెలుపల శ్రమపడిన ప్రభువును గూర్చి హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము బోధించేవారికి ఈ నేల మంచి వ్యాఖ్యానము.

1939లో ప్రతిష్ఠించబడిన దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌లో బిషప్ అజరయ్య దేశీయ రూపములకు చోటిచ్చాడు. మన విద్యార్థులు ఆ గుమ్మటములను, స్తంభములను శ్రద్ధగా వర్ణిస్తారు, సంతోషమే. కాని కట్టడము ఎవరిదని అడిగేటప్పుడు పైకప్పును మాత్రమే చూస్తే చాలదు. ఎవరిని లోపలికి రానిచ్చినది, ఎవరిని బయట ఉంచినది చూడవలెను. దండు పోయినది, కంపెనీ పోయినది, 1864 నవంబరు 1న ఉప్పెన బందరులో సుమారు 30,000 మందిని మ్రింగినది. సమాధి మిగిలినది.

చాప్లిన్‌ను నిందించుట సులభము. మన డెల్టాలో సమాధుల తోట గేటు దగ్గర చందా రశీదు అడిగే పెద్దలను మేమెరుగుదుము. ఆత్మహత్య చేసికొన్న బిడ్డకు చోటివ్వని కమిటీలను ఎరుగుదుము. అట్టి కుటుంబముల తరపున స్థలము కొని దేవాలయము కట్టించే జనరల్ ఎవరూ ఉండరు. చీకటి పడకముందే కాలువ గట్టున పూడ్చి, ప్రార్థన చేయువాడు లేక, ఇంటికి వెళ్లిపోతారు.