స్వరభేదమే విభావంగా: ‘మణిచిత్రతాళు’లోని ఒక భయానక ఘట్టం

ప్రవేశిక

మనోవైజ్ఞానిక ఉత్కంఠ చిత్రాల్లో భయానికి మూలం రహస్యమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. దోషి ఎవరో తెలియనంతవరకే ప్రేక్షకుడు వణుకుతాడనీ, తెలిసిన మరుక్షణం భయం తీరిపోతుందనీ దీని సారాంశం. ఫాజిల్ దర్శకత్వంలో 1993లో వచ్చిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ ఈ అభిప్రాయాన్ని నిలవనీయదు. ఈ కథ కన్నడంలో ‘ఆప్తమిత్ర’ (2004)గా, తమిళంలో ‘చంద్రముఖి’ (2005)గా రూపొందింది. తమిళ చిత్రపు అనువాదంగా తెలుగువారికి సుపరిచితమైంది. ఇందులోని ఒక్క ఘట్టాన్ని రసదృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఘట్ట పరిశీలన

గంగే నాగవల్లిగా మారుతోందని మానసిక వైద్యుడు సన్నీ ఆమె భర్త నకులునికి ముందే చెబుతాడు. భర్త నమ్మడు. ఆమె బయటికి బయలుదేరేటప్పుడు అడ్డుచెప్పి చూడమంటాడు వైద్యుడు. అంటే ప్రేక్షకుని వద్ద దాచినది ఏమీ లేదు. అయినా చిత్రం మొత్తంలో గగుర్పాటు అత్యధికంగా కలిగేది ఇక్కడే.

భయానక రసానికి వికృత ధ్వనులను, భూతదర్శనాన్ని, శూన్యగృహాన్ని, అరణ్యాన్ని విభావాలుగా నాట్యశాస్త్రం పేర్కొంది. ఈ ఘట్టంలో అవేవీ లేవు. ఉన్నది దంపతుల పడకగది, ప్రయాణం గురించిన చిన్న వాదన. మలయాళంలో మొదలైన ఆ వాదన నడుమ గంగ చూపు మారుతుంది, గొంతు మారుతుంది, మాట తమిళమవుతుంది. స్వరభేదం అష్ట సాత్త్విక భావాలలో ఒకటి. భయానకంలో అది భయపడిన వ్యక్తి లక్షణం, అంటే ఆశ్రయానికి చెందినది. ఇక్కడ అది భయపెట్టే వ్యక్తికి మారి విభావమైంది. పైగా గంగ నాగవల్లికి బాధితురాలు కూడా. ఆశ్రయాలంబనాలు రెండూ ఒకే దేహంలో కలిసిపోవడమే ఈ ఘట్టంలోని విశేషం.

ఆమె మంచాన్ని పైకెత్తడం అందరికీ గుర్తుండిపోయిన దృశ్యమే. కాని అది అద్భుతం వైపు ఒరుగుతుంది. అసలు భయం అంతకుముందే, మాట మారిన క్షణంలోనే పుట్టింది. శోభన నటించిన ఈ పాత్రలో గంగకు భాగ్యలక్ష్మి, నాగవల్లి తమిళ సంభాషణలకు దుర్గ గాత్రదానం చేశారు. ఒకే ముఖానికి రెండు గొంతులు అమర్చిన ఈ నిర్ణయం స్వరభేదానికి ఎంత ప్రాధాన్యం ఉందో తెలుపుతుంది.

పొరుగు భాష ప్రమేయం

పునర్నిర్మాణాలు ఈ మర్మాన్ని గ్రహించాయి. మలయాళంలో తమిళం మాట్లాడిన పాత్ర కన్నడ, తమిళ చిత్రాలలో తెలుగు పాట అందుకుంది. తెలుగు అనువాదంలో ఆ పాట మళ్లీ తమిళమైంది. హిందీ ‘భూల్ భులయ్యా’ (2007)లో బెంగాలీ వచ్చింది. ఊరు, నగలు, నర్తకి పేరు మారినా పొరుగు భాష అన్న నియమం మారలేదు.

ఐతే పరభాష కావడమే భయహేతువా? కర్నూలు జిల్లా కర్ణాటకను ఆనుకొని ఉంది. ఆదోని, ఆలూరు వైపు వినిపించే కన్నడం కోడుమూరు ప్రేక్షకునికి వింత కాదు. తెలుగులో బేరమాడుతున్న మనిషి పక్కవానితో కన్నడంలో మాట కలిపితే ఎవరూ జంకరు. కనుక భాష ఎంత అపరిచితమన్నది మాత్రమే ఈ భయాన్ని వివరించదు. వ్యవహారంలో వక్త శ్రోత కోసం భాష మారుస్తాడు. గంగ విషయంలో శ్రోత మారలేదు, ఎదుట ఉన్నది ఆ భర్తే. అయినా ఆమె మాట అతనికి కాక మరెవరికో చెందినదైంది. ఆ క్షణంలో అతడు భార్య ఎదుటే ఆమెకు లేనివాడయ్యాడు. పరిచితమే అపరిచితంగా తోచడం గురించి ఫ్రాయిడ్ 1919లో చేసిన ప్రతిపాదనకు ఈ ఘట్టం ఒక చేర్పునిస్తుంది: ఇక్కడ అపరిచితమైనది ఆమె ఒక్కతే కాదు, ఆమె దృష్టిలో భర్త కూడా.

ముగింపు

భర్త పేరుపెట్టి పిలిచినప్పుడు గంగ తిరిగి తానవుతుంది. సంబోధన అందినప్పుడే భయం సడలడం పై వాదనకు బలం చేకూరుస్తుంది. మానసిక భయాన్ని ప్రధానంగా చీకటి, నేపథ్య సంగీతం, మలుపు అనే మూడింటితో కొలిచే పద్ధతికి ఇటువంటి ఘట్టాలు అందవు. వక్త, శ్రోత, సంబోధనల మధ్య సంబంధం ఎక్కడ తెగుతోందో గుర్తించాలి. రసశాస్త్ర పరిభాష అందుకు ఇప్పటికీ చాలినదే. ఐతే స్వరభేదాన్ని అనుభావాల పట్టికలోనే ఉంచక, అవసరమైన చోట విభావంగానూ చదవవలసి ఉంటుంది.