థోరో ‘ది మెయిన్ ఉడ్స్’లో మిత్రుడు, మార్గదర్శి: చిత్రణలోని అసమానత

యాత్రాకథనాన్ని రాసేది ఒక్కరే; యాత్ర మాత్రం తరచు ఒక్కరిది కాదు. తోడు వచ్చినవారిని గురించి రచయిత ఎంత చెప్పాడు, ఎంత దాచాడు, చెప్పినదాన్ని వారు చదువుతారని భావించాడా అన్న ప్రశ్నలు ఈ ప్రక్రియకు మౌలికమైనవి. అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో (1817–1862) మరణానంతరం 1864లో వెలువడిన ‘ది మెయిన్ ఉడ్స్’లోని మూడవ భాగం ‘ది అలగాష్ అండ్ ఈస్ట్ బ్రాంచ్’ను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో మిత్రునికి మౌనం రక్షణ కాగా, మార్గదర్శి మాత్రం యథాతథ చిత్రణ పేరిట బహిర్గతుడయ్యాడనీ, ఆ అసమానతను రచయితే గుర్తించాడనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1857 జూలైలో థోరో తన కాంకర్డ్ మిత్రుడు ఎడ్వర్డ్ హోర్‌తో కలిసి మెయిన్ రాష్ట్రపు అడవులకు వెళ్ళాడు. పెనాబ్‌స్కాట్ తెగకు చెందిన జో పోలిస్ వారికి మార్గదర్శి. బర్చ్ చెట్టు బెరడుతో చేసిన, సుమారు 18 అడుగుల పొడవున్న పోలిస్ కెనూలోనే ముగ్గురూ, వారి సామానూ. మూస్‌హెడ్ సరస్సు మొదలు ఛాంబర్లేన్, ఈగిల్ సరస్సుల వరకు సాగి, వెబ్‌స్టర్ వాగు మీదుగా పెనాబ్‌స్కాట్ నది తూర్పు పాయను చేరి వెనుదిరిగారు. ఒక జలాశయానికీ మరొకదానికీ నడుమ నేల అడ్డువస్తే పోలిస్ కెనూను నెత్తికెత్తుకునేవాడు; రాత్రికి ఒడ్డున విడిది.

ఈ కథనంలో హోర్ పేరు లేదు. అతడు కేవలం ‘నా సహచరుడు’. అతని మాటలు దాదాపు వినిపించవు. ఇది థోరోకు కొత్త పద్ధతి కాదు. 1846 నాటి తొలి మెయిన్ యాత్రలో కటాడిన్ పర్వతం దిగువన ట్రౌట్ చేపలు పట్టిన సాయంత్రాన్ని అతడు వర్ణించాడు. ఆ రాత్రి చేపలవేట కలలోకి వచ్చింది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి తెల్లవారకముందే లేచి మళ్ళీ గాలం వేశాడు. అప్పుడు సహచరులు నిద్రలో ఉన్నారు. ఆనందపు ఘడియలో రచయిత ఒంటరి; తోటివారు నేపథ్యం.

హోర్ కథలో ప్రధానుడయ్యేది తప్పిపోయినప్పుడే. వెబ్‌స్టర్ వాగు ఉద్ధృతిలో పోలిస్ కెనూను నడుపుతుండగా మిత్రులిద్దరూ ఒడ్డు వెంట నడిచారు. కొంతసేపటికి హోర్ కనిపించలేదు. చూపు సరిగా ఆనని మనిషి, చుట్టూ అడవి, పడుతున్న చీకటి. థోరో ఆందోళనపడ్డాడు, చీకటిలో వెతకడం వృథా అని పోలిస్ నిలకడగా ఉన్నాడు. మర్నాడు హోర్ క్షేమంగా దొరికాడు. స్నేహాన్ని గురించి ఈ రచన చెప్పేదంతా ఆ ఒక్క రాత్రి భయంలోనే ఉంది. మిత్రుని గుణదోషాలు మాత్రం పాఠకుని ముందుకు రావు.

పోలిస్ విషయం వేరు. అతని ఇల్లు, వేట, పాట, అనారోగ్యం, ప్రార్థన, బేరసారాలు అన్నీ నమోదయ్యాయి. తనకు తెలిసినదంతా పోలిస్‌కు చెబుతాననీ, అతనికి తెలిసినదంతా తనకు చెప్పాలనీ థోరో మొదట్లోనే ఒప్పందం చేసుకున్నాడు. అది సమానుల ఒప్పందం. అయితే కాగితం మీద పోలిస్ ఇంగ్లీషు వ్యాకరణం తప్పి, పదాల చివర అదనపు ధ్వనులతో వినిపిస్తుంది. తన తెగ ప్రతినిధిగా వాషింగ్టన్ దాకా వెళ్ళివచ్చిన వ్యక్తి అనేకచోట్ల పేరుతో కాక ‘ఇండియన్’ అన్న జాతినామంతోనే కనిపిస్తాడు.

ఇది రచయితకు తెలియని సంగతి కాదు. 1858 జనవరిలో ‘అట్లాంటిక్ మంత్లీ’ సంపాదకుడు జేమ్స్ రస్సెల్ లోవెల్‌కు రాసిన లేఖలో, ఈ యాత్రావృత్తాంతాన్ని అచ్చువేయించలేకపోవడానికి థోరో చెప్పిన ముఖ్యకారణం ఇదే: తన మార్గదర్శికి చదవడం వచ్చు, వార్తాపత్రిక తెప్పించుకుంటాడు, ఇది ప్రచురితమైతే మళ్ళీ అతని ముఖం చూడలేను. చిత్రణ నమ్మకమైనదన్న విశ్వాసం ఉండికూడా కలిగిన సంకోచమిది. కనుక యథాతథంగా రాయడం, న్యాయంగా రాయడం ఒకటి కావు. పోలిస్‌ను పాఠకునిగా గుర్తించిన ఈ సంకోచం మొత్తం కథనంలోని వర్ణనలకన్నా ఎక్కువ గౌరవాన్ని అతనికి ఇచ్చింది. మిత్రుని పేరు దాచడం ఆనాటి మర్యాద అని వాదించవచ్చు. ఆ మర్యాద మార్గదర్శికి ఎందుకు వర్తించలేదన్నదే ప్రశ్న.

తెలుగు యాత్రాసాహిత్యానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 నాటి యాత్రావిశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపగా, 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయింది. అక్కడ మిత్రుడు తొలి పాఠకుడు. పల్లకీ మోసిన బోయీలు కథనంలోని విషయం మాత్రమే.

థోరో రచనను తెలుగులోకి తెచ్చేవారికి సమస్య మరింత స్పష్టంగా ఎదురవుతుంది. పోలిస్ ఇంగ్లీషును వచ్చీరాని తెలుగులోకి మారిస్తే హాస్యపాత్ర తయారవుతుంది. ఏదో ఒక ప్రాంతపు మాండలికంలోకి మారిస్తే ఆ ప్రాంతంవారిని తక్కువచేసినట్లవుతుంది. అతని మాటలను సరళమైన, నిండు వాక్యాలలో అనువదించి, మూలంలోని భాషాస్థితిని పీఠికలో వివరించడం మేలు. 1858లో థోరో అచ్చుకు ఇవ్వకుండా ఆపిన చేతిని అనువాదకుడు గుర్తుంచుకోవాలి.