నివురు విలువ

పెరట్లో పిజ్జా పొయ్యి ఉందని తెలిసినవాళ్లు ముందుగా అడిగేది, "ఎంత వేడెక్కుతుందండీ?" అని. బాగా ఎండిన సరుగుడు కట్టెలు వేస్తే ఏ పొయ్యయినా వేడెక్కుతుంది. అడగవలసింది, ఎంతసేపటికి చల్లారుతుందని. ఇటుక పొయ్యి కట్టడంలో ఉన్న విద్యంతా అక్కడే ఉంది.

మన వంటిళ్లకి ఆ విద్య కొత్తేమీ కాదు. కట్టెల పొయ్యిల కాలంలో రాత్రి వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేవారు. తెల్లారి ఆ బూడిద కదిపి, నాలుగు ఎండుపుల్లలు వేసి ఊదితే మళ్లీ మంట లేచేది. దాలిలో పిడకల మీద పాలకుండ పెట్టి చుట్టూ బూడిద ఎగదోస్తే, పాలు పొద్దంతా కాగి కాగి ఎర్రబడేవి. బూడిద అక్కడ రెండు పనులు చేసేది. నిప్పుకి గాలి తగ్గించేది, పుట్టిన వేడిని బయటికి పోనిచ్చేది కాదు. నా పిజ్జా పొయ్యిలో డబ్బు ఎక్కువగా పోసింది ఆ రెండో పని కోసమే.

పొయ్యి ఆకారం మాత్రం నేపుల్స్ వాళ్లది. దాని పూర్వీకులు ఆ ఊరి పక్కనే పాంపేలో ఉన్నారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పూడిపోయిన ఆ పట్నంలో రొట్టెల దుకాణాల ఇటుక గుమ్మటాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. తవ్వకాల్లో ఒక పొయ్యిలో 81 రొట్టెలు బొగ్గై దొరికాయి. గుండ్రటి నేల, పైన గుమ్మటం, ముందు ఒకే నోరు: రెండు వేల ఏళ్లలో పెద్దగా మారిందేమీ లేదు. అసలైన పిజ్జా ఎలా ఉండాలో తేల్చడానికి 1984లో నేపుల్స్‌లో ఒక సంఘమే పుట్టింది. వాళ్ల లెక్కలో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలాలి, పొయ్యి 485 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండాలి. మన ఇళ్లలో కరెంటు ఓవెన్లు సాధారణంగా 250 దగ్గరే ఆగిపోతాయి. ఇటుకల జోలికి వెళ్లడానికి నాకు ఆ తేడా చాలింది.

మా మేస్త్రీ చేయి తిరిగిన మనిషి. కమానులు కట్టాడు, గుమ్మటాలూ కట్టాడు. అయినా ఈ పొయ్యికి వాడే పనిముట్టు ఒకటి ఆయనకి తెగ నచ్చింది. నేల నడిమధ్య ఒక ఇనప కడ్డీ బిగిస్తాం. అది అన్ని వైపులకీ తిరుగుతుంది, పైకీ కిందికీ వంగుతుంది. కడ్డీ కొసన ఎల్ ఆకారపు పట్టీ ఉంటుంది. ఇటుకని ఆ పట్టీకి ఆనించి వెనక మాలు కూరితే చాలు, ప్రతి ఇటుకా నడిమి నుంచి ఒకే దూరంలో, నడిమి వైపే ముఖం పెట్టి కూర్చుంటుంది. రసమట్టం, తూకంగుండు పక్కన పడేసి, సెంటరింగ్ చెక్క లేకుండా వరస మీద వరస ఆయన లేపుకుపోయాడు. పైకి వెళ్లేకొద్దీ ఇటుక జారిపోతుంది గనక, మాలు పట్టేదాకా ఒక్కొక్కదాన్నీ అరచేత్తో అదిమి పట్టుకోవలసి వచ్చింది. చివరి రంధ్రంలో గంటు కొట్టిన ఇటుకముక్క బిగించి, పై నుంచి సుత్తితో రెండు తట్లు తట్టి, "ఇంక ఏనుగెక్కినా ఏం కాదు" అన్నాడు.

మాలు సంగతి వచ్చింది గనక ఒక మాట. ఉత్త సిమెంటు మాలు ఈ పొయ్యిలో పనికిరాదు. 400 డిగ్రీలు దాటాక సిమెంటులో పట్టు చెదిరి పొడి రాలుతుంది. అందుకే పొయ్యి కట్టేవాళ్లు మూడు పాళ్లు ఇసుకకి ఒక్కో పాలు సిమెంటు, సున్నం, ఫైర్ క్లే కలుపుతారు. మొదట్లో సిమెంటు నిలబెడుతుంది. వేడికి అది చేతులెత్తేసే వేళకి సున్నం, మట్టి భారం అందుకుంటాయి. నేల మీద పరిచే ఫైర్ ఇటుకలకి అసలు మాలే వద్దు. ఊరికే దగ్గరగా పేరిస్తే చాలు, రేపు ఒకటి పగిలినా ఊడదీసి మరొకటి పెట్టుకోవచ్చు.

మేస్త్రీకి మొదటి అనుమానం పొగగొట్టం దగ్గర వచ్చింది. "నెత్తి మీద కదండీ ఉండాలి, నోటి ముందు పెట్టమంటారేంటి?" నెత్తి మీద పెడితే పొగతోపాటు వేడంతా నేరుగా ఆకాశంలోకి పోతుంది. ఈ పొయ్యిలో చల్లగాలి నోటి అడుగు నుంచి లోపలికి వస్తుంది. మంట గుమ్మటాన్ని పాకుతూ వెనక నుంచి ముందుకి తిరిగి వస్తుంది. పొగ నోటి పైభాగం నుంచి బయటికి వచ్చాకే గొట్టంలోకి ఎక్కుతుంది. అందుకే నోటి ఎత్తుకీ ఒక లెక్కుంది. గుమ్మటం లోపలి ఎత్తులో 63 శాతం దగ్గర ఉండాలంటారు. లోపలి ఎత్తు 18 అంగుళాలైతే నోరు 11 అంగుళాల పైచిల్లర. ఎత్తు పెంచితే వేడి జారిపోతుంది, తగ్గిస్తే పొగ మెసలక మంట ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

రెండో అనుమానం అసలైంది. గుమ్మటం మీద సిరామిక్ ఫైబర్ దుప్పటి పరవమన్నప్పుడు ఆయన నవ్వేశాడు. "గోడకి దుప్పటి కప్పడమేంటి మాస్టారూ! ఇంకో రెండు వరసలు ఇటుక పేర్చేస్తే పోలా?" పోదు. ఇటుక వేడిని ఆపేది కాదు, దాచుకునేది. ఎంత మందం కడితే అంత వేడి తాగుతుంది, తాగిందాన్ని అవతలి ముఖం నుంచి వదిలేస్తుంది. ఫైర్ ఇటుకలోంచి వేడి పారినంతలో దుప్పటిలోంచి పారేది పదోవంతు. అంటే అంగుళం దుప్పటి చేసే పనికి పది అంగుళాల ఇటుక కావాలి. ఆ పది అంగుళాలూ వేడెక్కడానికి పూటంతా కట్టెలు తగలెయ్యాలి. అలన్ స్కాట్, డేనియల్ వింగ్ కలిసి 1999లో రొట్టెల పొయ్యిల మీద రాసిన పుస్తకం చాలామందిని ఈ పనిలోకి దింపింది. స్కాట్ కట్టిన పొయ్యిలకి మందమైన గోడలుంటాయి, ఎందుకంటే ఒక మంటతో వాయి తర్వాత వాయి రొట్టె కాల్చాలి. ఇంట్లో పదిమందికి పిజ్జా కాల్చుకునేవాడికి సగం ఇటుక మందం, నాలుగున్నర అంగుళాలు, చాలు. మిగతా డబ్బు దుప్పటికి పెట్టడం తెలివి.

అంగుళం మందం దుప్పటి మూడు పొరలు, అతుకు మీద అతుకు రాకుండా పరిచాం. దాని పోగులు కంటికి ఆనవు గానీ ఊపిరితిత్తులకి చేటు. కోసేటప్పుడు మాస్కు, చేతులకి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. దాని మీద కోడి జాలీ బిగించి, వర్మిక్యులైట్ కలిపిన తేలికపాటి కాంక్రీటు రెండు అంగుళాలు పూసి, పైన గిలాబా చేశాం. ఈ పొరలన్నింటిలోనూ వేడిని ఆపేది నిజానికి గాలే. పోగుల మధ్య, గుల్లల మధ్య ఇరుక్కుపోయి కదలలేని గాలి. అందుకే వీటికి నీళ్లు శత్రువు. గాలి కన్నా నీరు పాతిక రెట్లు వేడిని పారనిస్తుంది. వానలో తడిసిన దుప్పటి ఉన్నా లేనట్టే. మన కోస్తా జిల్లాల్లో తుపానుల సంగతి తెలిసిందే కాబట్టి, పొయ్యి మీద రేకుల షెడ్డు కూడా దుప్పటిలో ఒక పొర అని లెక్కేసుకోవాలి.

కట్టడం అయ్యాక ఆరబెట్టడం ఓపిక పరీక్ష. మాలులో, కాంక్రీటులో ఉన్న నీరు ఆవిరైతే 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఒక్కసారిగా పెద్ద మంట పెడితే ఆ ఆవిరి దారి దొరక్క గుమ్మటాన్ని చీల్చుకుని వస్తుంది. అందుకని వారం పాటు చిన్న మంటలే, మొదట నూరు నూటయాభై డిగ్రీలు, ఆ తర్వాత రోజుకి కాస్త చొప్పున పెంపు. గిలాబాలో నెత్తిన ఒక చిన్న కన్నం వదిలాం. సాయంత్రం దాని మీద స్టీలు పళ్లెం బోర్లిస్తే లోపల చెమట పట్టేది. చెమట పట్టినంత కాలం మంట పెంచేది లేదని నియమం పెట్టుకున్నాం. పళ్లెం పొడిగా వచ్చిన నాడు కట్టెలు ధారాళంగా వేశాం. మసి పట్టి నల్లగా ఉన్న గుమ్మటం కాసేపటికి నడినెత్తిన తెల్లబడటం మొదలై, ఆ తెలుపు చుట్టూ పాకుతూ నేల దాకా దిగింది. ఇటుక 350, 400 డిగ్రీలు దాటితే పట్టిన మసి కూడా కాలిపోతుంది. పిజ్జాకి పొయ్యి సిద్ధమని థర్మామీటరు లేకుండా చెప్పే గుర్తు అదే. అంత మంట మీద కూడా బయట గిలాబా మీద చేయి పెట్టి, మేస్త్రీ మారు మాట్లాడలేదు.

పిజ్జా సంబరం నిజానికి రెండు గంటల ముచ్చట. ఆ రాత్రి నిప్పులు తీసేసి, దుప్పటి ముక్క కూరిన తలుపు మూసేస్తే, తెల్లారేసరికి లోపల ఇంకా 200 డిగ్రీల పైనే ఉంటుంది. దాంట్లో రొట్టె కాలుతుంది. మధ్యాహ్నం మట్టికుండలో కందిపప్పు మెత్తగా ఉడుకుతుంది. ఆ పై రోజుకి మామిడి ఒరుగులో, మిరపకాయలో ఆరబెట్టుకోవడానికి సరిపడా వేడి మిగులుతుంది. వీటిలో దేనికీ కొత్తగా పుల్ల వేయం.

మన ఇళ్ల కట్టుబడిలో ఈ లెక్క ఎందుకో తప్పిపోయింది. ఎలివేషన్‌కి లక్షలు పోస్తాం. శ్లాబు మీద ఎండని ఆపే పొర అనేసరికి చేయి వెనక్కి పోతుంది. ఏప్రిల్ నుంచి ఏసీ బిల్లు కట్టుకుంటాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల కోసం ఒక విధానమే తేవలసి వచ్చింది. కంటికి కనపడని పనికి డబ్బు పెట్టడం మనకి మింగుడుపడదు.

పొయ్యి కట్టుకుందామని అడిగేవాళ్లకి నేను చెప్పేది కూడా ఖర్చు గురించే. చేతిలో డబ్బు తక్కువైతే నేల వెడల్పు తగ్గించుకోండి, మూడడుగులు కాకపోతే రెండున్నర. రాతి పలకల సింగారం మానేయండి. గుమ్మటం మీద దుప్పటి ఈసారి రెండు పొరలే వేసి, మూడోది వచ్చే ఏడాది గిలాబా తీసైనా వేసుకోవచ్చు. కానీ నేల ఇటుకల కింద, శ్లాబు మీద వేసే నాలుగు అంగుళాల వర్మిక్యులైట్ కాంక్రీటు దగ్గర పిసినారితనం వద్దు. అది వేయకపోతే నేల వేడంతా కింద శ్లాబు తాగేస్తుంది, పిజ్జా పైన మాడి అడుగున పచ్చిగా ఉంటుంది. తర్వాత వేద్దామంటే పొయ్యి మొత్తం పడగొట్టాలి.