పాత సీలును కాదు, షాఫ్టును కొలవాలి

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, మండల కేంద్రంలోని చిన్న స్పేర్ పార్ట్స్ కొట్లోనైనా రోజూ జరిగే బేరమే ఇది. జిడ్డోడే పాత ఆయిల్ సీలును కాగితంలో చుట్టి తెచ్చి, "అన్నా, ఇలాంటిదే ఒకటివ్వు" అంటారు. కొట్టతను గుడ్డతో అంకెలు తుడిచి చూసి అదే సైజు తీసిస్తాడు. చాలాసార్లు సరిపోతుంది. సరిపోనప్పుడు నెల తిరక్కుండానే మళ్లీ ఆయిల్ కారుతుంది, నింద సీలు చేసిన కంపెనీ మీద పడుతుంది. పని తెలిసిన మెకానిక్ అలా కొట్టుకు పరుగెత్తడు. ముందు షాఫ్టును తడిమి చూస్తాడు.

అంకెల సంగతి తేలికే. సీలు మొహం మీద టీసీ 35 52 7 అని ఉంటే షాఫ్టు 35 మిల్లీమీటర్లు, సీలు కూర్చునే బోరు 52, మందం 7. టీసీ అంటే బయట రబ్బరు తొడుగు, లోపల ఆయిల్‌ను ఆపే పెదవి, దాని వెనక దుమ్మును ఆపే మరో పెదవి. ఎస్‌సీలో ఆ రెండో పెదవి ఉండదు. అంకెలు చెరిగిపోయినప్పుడే చిక్కంతా. పాత సీలు లోపలి వ్యాసానికి వెర్నియర్ పెడతారు, అది తప్పు లెక్క చెబుతుంది. కొత్త సీలు పెదవి షాఫ్టు కన్నా సుమారు ఒక మిల్లీమీటరు చిన్నగా ఉంటుంది, ఆ బిగువుతోనే షాఫ్టును పట్టుకుంటుంది. పాతది సాగిపోయి ఉంటుంది, లేదా గట్టిపడి ఉంటుంది. అందుకే కొలత షాఫ్టు మీదే తీయాలి, అదీ సీలు ఆనిన చోట కాకుండా పక్కన అరగని చోట. తర్వాత బోరు కొలవాలి. ఇంగ్లండ్, అమెరికా నమూనాల పాత యంత్రాల్లో కొలతలు అంగుళాల్లో ఉంటాయి. రెండంగుళాల బోరు అంటే 50.8 మిల్లీమీటర్లు. అందులో 50 సీలు పెట్టి చుట్టూ గమ్ము పూస్తే కొన్నాళ్లు నిలుస్తుందేమో గానీ, అది మరమ్మతు కాదు.

మందం విషయంలో మాత్రం కాస్త వెసులుబాటు ఉంది. బోరులో లోతుంటే 10 బదులు 7 వాడొచ్చు. కొన్నిసార్లు అదే మేలు కూడా, ఎందుకో షాఫ్టు చూస్తే తెలుస్తుంది.

సీలు తీశాక షాఫ్టును శుభ్రంగా తుడిచి, పెదవి ఆనిన చోట గోటితో పొడుగునా గీయండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టే. మెత్తటి రబ్బరు ఉక్కును కోస్తుందా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. పెదవి కింద చిక్కుకున్న ఇసుక, దుమ్మే ఆ కోత కోస్తాయి. గాడిలో కొత్త సీలు పెదవి సరిగా ఆనదు. అప్పుడు పలచటి స్టీలు స్లీవు ఎక్కించాలి, లేదా సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కొత్త చోట ఆనించాలి. తక్కువ మందం సీలు పనికొచ్చేది ఇక్కడే. ఈ రెండూ మానేసి ఎమరీ పేపరుతో షాఫ్టు పొడుగునా రుద్ది మెరిపించేవాళ్లున్నారు. ఆ గీతల వెంటే ఆయిల్ బయటికి నడుస్తుంది. మెలి తిరిగిన గీతలు పడితే ఇంకా ప్రమాదం. షాఫ్టు తిరిగేకొద్దీ అవి మర చుట్లలా ఆయిల్‌ను తోడిపోస్తాయి. అలాగని అద్దంలా నునుపు చేయడమూ తప్పే. పెదవికీ షాఫ్టుకూ మధ్య పలచటి ఆయిల్ పొర నిలవాలి, అది లేకపోతే పెదవి మాడిపోతుంది. షాఫ్టు గరుకుదనం 0.2 నుంచి 0.8 మైక్రోమీటర్ల మధ్య ఉండాలని తయారీదారులు చెప్పేది అందుకే.

పెదవి నిర్మాణంలో ఉన్న తెలివి నన్ను ఎప్పుడూ కట్టిపడేస్తుంది. ఆయిల్ వైపు వాలు నిటారుగా, గాలి వైపు వాలు ఏటవాలుగా ఉంటాయి. ఈ తేడా వల్ల షాఫ్టు తిరుగుతున్నంతసేపూ పెదవి కిందికి చేరిన ఆయిల్ తిరిగి లోపలికే వెళ్తుంది. సీలును తిప్పి బిగిస్తే అదే పెదవి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. పెదవిని బిగించి ఉంచే స్ప్రింగు కనిపించే వైపు ఎప్పుడూ ఆయిల్ వైపే ఉండాలి.

ఇక ఏ రబ్బరు అన్నది. ఒకప్పుడు ఈ పని తోలు చేసేది. 1930ల్లో సింథటిక్ రబ్బరు దాని చోటులోకి వచ్చింది. ఇప్పుడు మన కొట్లలో ఎక్కువగా దొరికేది నైట్రైల్. మామూలు ఇంజన్ ఆయిల్‌కూ గ్రీజుకూ చక్కగా పనికొస్తుంది, ధరా తక్కువ. కానీ 100 డిగ్రీలు దాటి నడిస్తే గట్టిపడటం మొదలవుతుంది. ఆయిల్ వేడి 90 డిగ్రీలే కదా అని ఊరుకోకూడదు, రాపిడి వల్ల పెదవి దగ్గర అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ అదనపు వేడి వేగాన్ని బట్టి పెరుగుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే 50 మిల్లీమీటర్ల షాఫ్టు అంచు సెకనుకు 7.85 మీటర్లు పరుగెత్తుతుంది. అదే చుట్లతో 100 మిల్లీమీటర్ల షాఫ్టయితే 15.7 మీటర్లు, నైట్రైల్‌కు అది మోయలేని వేగం. అక్కడ వైటాన్ అనే రబ్బరు కావాలి, అది 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఖరీదు ఎక్కువ గనుక ప్రతి చోటా అదే వేయమని నేను చెప్పను. చల్లగా, నిదానంగా తిరిగే గేర్ బాక్సుకు నైట్రైల్ చాలు. సిలికాన్ వేడికీ చలికీ ఓర్చుకుంటుంది గానీ ఘాటైన గేర్ ఆయిల్‌కు ఓర్చుకోదు. రంగు చూసి రబ్బరును పోల్చడం మరీ తప్పు. నలుపులో వైటాన్ ఉంటుంది, గోధుమ రంగులో ఇంకేదైనా ఉండొచ్చు. అడిగి తీసుకోవాలి.

పాత సీలును పారేయకముందు ఒకసారి చేత్తో వంచి చూడాలి. పెదవి పెళుసుగా, పగుళ్లతో ఉంటే వేడి చంపింది. ఉబ్బి మెత్తబడితే ఆయిల్ పడలేదు. ఒకవైపే వెడల్పుగా అరిగితే సీలు వంకరగా కూర్చుంది, లేదా సెంటరు కుదరలేదు. చుట్టూ వెడల్పుగా అరిగితే షాఫ్టు ఊగుతోందేమో బేరింగు చూడాలి. ఇవేవీ చూడకుండా అదే సైజు, అదే రబ్బరు మళ్లీ వేస్తే అదే కారణం కొత్త సీలునూ తినేస్తుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో దమ్ము చేసే ట్రాక్టర్లది మరో కథ. ఇరుసు గంటల తరబడి బురద నీళ్లలో మునిగి తిరుగుతుంది. లోపలి ఆయిల్‌ను ఆపడం కన్నా బయటి బురదను ఆపడమే అక్కడ కష్టం. ఒక్క దుమ్ము పెదవి ఉన్న టీసీ సీలు అక్కడ ఎక్కువ కాలం నిలవదు. చాలా ట్రాక్టర్లలో హబ్బుల కోసం కేసెట్ సీళ్లు వస్తున్నాయి. వాటిలో పెదవులు చాలా ఉంటాయి, అవి ఆని తిరిగే స్లీవు కూడా సీలులోనే ఉంటుంది కాబట్టి ఇరుసు అరగదు. ధర ఎక్కువని వాటి చోట మామూలు సీలు వేస్తే హబ్బులోకి నీరు చేరి బేరింగు పోతుంది, ఖర్చు అప్పుడు మొదలవుతుంది. ఇరుసుకు చుట్టుకున్న గడ్డిని కూడా ఏ రోజుకారోజు కోసి తీసేయాలి, అది బిగుసుకుంటూ వెళ్లి సీలునే నొక్కేస్తుంది.

బిగించేటప్పుడు పెదవికి ఆయిల్ రాయాలి. కీ గాడి, స్ప్లైన్ల మీద టేపు చుట్టి పెదవి తెగకుండా దాటించాలి. సుత్తితో ఒక మూల కొట్టకుండా, సరిపడే గొట్టం ఆనించి సమంగా దించాలి.

ఈసారి మీ బండికో మోటారుకో సీలు మార్పిస్తుంటే మెకానిక్‌ను రెండే అడగండి: షాఫ్టు మీద గాడి ఉందా, గేర్ బాక్సులోని గాలి బయటికి పోయే బ్రీదర్ తెరుచుకునే ఉందా? బ్రీదర్ మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలు ఆయిల్ సీలు ఓర్చుకోగలిగింది అర బారు లోపు ఒత్తిడినే.