రెండోసారి చూపించే దృశ్యం

2016లో కొరియాలో టీవీఎన్ ఛానెల్లో వచ్చిన ‘సిగ్నల్’ సీరియల్లో ఒక కుర్ర పోలీసు ఉంటాడు, లీ జే-హాన్ అని. తన పేటలోని ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే అమ్మాయి మీద మనసు పడతాడు కానీ, ఆ మాట నోరు తెరిచి చెప్పలేడు. ఈలోగా వరుస హత్యలు చేస్తున్న ఒకడి చేతిలో ఆమె చనిపోతుంది. ఇద్దరూ కలిసి వెళ్లడానికి ఆమె కొని దాచిన రెండు సినిమా టిక్కెట్లు తర్వాత అతని చేతికొస్తాయి. హాలంతా పగలబడి నవ్వుతున్న సినిమా అది. పక్క సీటు ఖాళీగా ఉంది. అతను ఆపుకోలేక ఏడుస్తుంటాడు. హంతకుణ్ని పట్టుకోవాలన్న కోరిక చూసేవాళ్లలో నిజంగా పుట్టేది ఆ హాల్లోనే. అంతకుముందు చూపించిన శవాల వల్ల కాదు. కొరియన్ సీరియళ్లలో ప్రేమకథ ఉన్నది మందుకు పూసిన తేనెలాగా అనీ, అసలు సరుకు నేరమో రాజకీయమో అనీ చాలామంది సమీక్షకులు రాస్తుంటారు. ఈ లెక్క తలకిందులు. ఆ సంప్రదాయంలోని మంచి రచనల్లో ప్రేమకూ న్యాయానికీ పనిముట్టు ఒక్కటే. మనం చూసేసిన దృశ్యాన్ని మరొకరి వైపు నుంచి మళ్లీ చూపించడమే ఆ పనిముట్టు.

ఇది పనిచేయడానికి సీరియల్ కొలతే ఆధారం. మామూలుగా 16 ఎపిసోడ్లు, ఒక్కోటి గంటకు అటూఇటూ, వారంలో వరుసగా రెండు రాత్రులు. చాలాసార్లు మొదటి నుంచి చివరి వరకు రచయిత ఒక్కరే. వెయ్యి ఎపిసోడ్లు దాటే మన డైలీ సీరియల్‌కు ఎక్కడ ముగియాలో తెలియదు కాబట్టి, మూడో ఎపిసోడ్‌లో నాటిన విత్తనం పదిహేనో ఎపిసోడ్‌లో మొలవాలన్న పట్టింపు ఉండదు. సినిమాకు రెండున్నర గంటల్లో ఆ తీరిక దొరకదు. పదహారు గంటల కథకు రెండూ ఉన్నాయి. ముందు అమ్మాయి వైపు నుంచి చూసి అబ్బాయిది నిర్లక్ష్యం అనుకుంటాం. ఆరు ఎపిసోడ్లు గడిచాక ఆ సాయంత్రమే మళ్లీ వస్తుంది. ఈసారి కెమెరా అతని వెనకాల ఉంటుంది. అతను వచ్చాడు, గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్లాడు. మన తీర్పు తప్పని తేలుతుంది. ‘రిప్లై 1988’లో గో ఆటగాడు టేక్ కల అనుకున్న ముద్దు నిజంగానే జరిగిందని చివరికి తెలిసినప్పుడు కలిగే సంతోషం ఈ జాతిదే. తొందరపడి ఒకరి గురించి ముగించేసిన ఆలోచనను మళ్లీ తెరవడం ఈ ప్రేమకథలు నేర్పే అలవాటు. కోర్టులో పునర్విచారణ అన్నా అంతే కదా.

ఈ పద్ధతికి ఓటీటీలతో నిమిత్తం లేదు. 1995 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎస్‌బీఎస్ ప్రసారం చేసిన ‘శాండ్‌గ్లాస్’ 24 ఎపిసోడ్లది. రచన సాంగ్ జీ-నా, దర్శకత్వం కిమ్ జోంగ్-హక్. వారంలో నాలుగు రాత్రులు వచ్చేది. ఆ వేళకు జనం పనులు ముగించుకుని ఇళ్లకు చేరేవారు కాబట్టి దానికి ‘ఇంటికెళ్లే గడియారం’ అన్న పేరొచ్చింది. ఇద్దరు స్నేహితులు, ఒకమ్మాయి. టే-సూ రౌడీ అవుతాడు, వూ-సోక్ ప్రాసిక్యూటర్ అవుతాడు, క్యాసినో యజమాని కూతురు హే-రిన్ విద్యార్థి ఉద్యమంలోకి వెళుతుంది. ఇంతవరకు ఏ దేశంలోనైనా రాయగల కథే. కానీ 1980 మే నెలలో గ్వాంగ్జు నగరంలో సైన్యం ప్రజల మీద కాల్పులు జరిపిన రోజుల్ని రచయిత్రి ఎలా చూపించిందో చూడండి. వూ-సోక్ అక్కడ నిర్బంధ సైనిక సేవలో తుపాకీ పట్టుకున్న సైనికుడు. టే-సూ ఎదుటి వైపు జనంలో ఉన్నాడు. ఏళ్ల తరబడి బాహాటంగా మాట్లాడుకోలేకపోయిన ఆ ఘటన ఒకే కథలో రెండు కళ్లతో ఇంటింటికీ వెళ్లింది. అసలు వార్తా దృశ్యాలు కూడా మధ్యమధ్య కలిశాయి. అదే ఏడాది చివర, అప్పటి సైన్యాధికారులైన మాజీ అధ్యక్షులు చున్ డూ-హ్వాన్, రో టే-వూ అరెస్టయ్యారు, గ్వాంగ్జు మీద ప్రత్యేక చట్టం వచ్చింది. సీరియల్ వల్లే వచ్చిందనడం అతిశయోక్తి. దాని వెనుక బాధిత కుటుంబాల పదిహేనేళ్ల పోరాటం ఉంది. అయితే, ఆ పోరాటం దేని గురించో లక్షలాది ఇళ్లలో అర్థమవడానికి ఇద్దరు స్నేహితుల మీద పెంచుకున్న మమకారం అవసరమైంది. చివర్లో స్నేహితుడికి మరణశిక్ష కోరాల్సిన ప్రాసిక్యూటర్ వూ-సోకే. అక్కడ చట్టం గెలిచిందని ఎవరికీ పండగ అనిపించదు.

2022 నాటి ‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’ ఈ పనిముట్టును మరింత సూటిగా వాడింది. పెద్దగా ఎవరూ చూడని ఈఎన్ఏ ఛానెల్లో ఒక శాతం లోపు రేటింగుతో మొదలై 17 శాతం దాటి ముగిసిన సీరియల్ ఇది. మూడో ఎపిసోడ్‌లో ఆటిజం ఉన్న ఒక యువకుడు అన్నను కొట్టి చంపాడన్న కేసు వస్తుంది. చావు మాట కేకలేస్తూ అన్నను కొడుతున్న అతణ్ని తల్లిదండ్రులే చూశారు. తనకూ ఆటిజం ఉన్న లాయర్ వూ యంగ్-వూ ఆ దృశ్యాన్నే మళ్లీ తిరగేస్తుంది. అతను కొట్టింది ఆత్మహత్య చేసుకోబోతున్న అన్నను ఆపడానికి, ఆ కేక భయంతో పెట్టినది. చేతులు మారలేదు, మాట మారలేదు, అర్థం మారింది. అదే సీరియల్లో రివాల్వింగ్ డోర్ దాటలేక ఇబ్బందిపడే యంగ్-వూకు సహోద్యోగి జున్-హో వాల్ట్జ్ లెక్కతో అడుగులేయడం నేర్పుతాడు. ఆమెను తోసుకుని లోపలికి తీసుకెళ్లడు. తలుపు ఆమెకు ఎలా కనిపిస్తుందో ముందు గ్రహిస్తాడు. ఆమె నిందితుడి విషయంలో చేసింది, అతను ఆమె విషయంలో చేసింది ఒకే పని.

‘ట్వంటీ ఫైవ్ ట్వంటీ వన్’ నేరకథ కాదు గానీ ఇదే దారిలో నడుస్తుంది. 1997 ఆర్థిక సంక్షోభంలో స్కూలు ఫెన్సింగ్ జట్టు రద్దయిన హీ-డో, తర్వాత ఆసియా క్రీడల ఫైనల్లో వివాదాస్పద పాయింటుతో గెలిచి దొంగ అనిపించుకుంటుంది. విలేకరి యీ-జిన్ రిఫరీని వెతికి పట్టుకుని, ఆ పాయింటు సరైనదేనని అతని నోటే చెప్పిస్తాడు. అమ్మాయికి అతను ఇచ్చిన అసలు ప్రేమలేఖ ఆ వార్తే అని నేనంటాను.

అభ్యంతరాలు బలమైనవే. యాదృచ్ఛికాలు మితిమీరతాయి, చిన్నప్పుడు ఎవరినో కాపాడినవాడే పెద్దయ్యాక ప్రియుడవుతాడు, సమయానికి లారీ గుద్దుతుంది, జ్ఞాపకం పోతుంది. నిజమే. మళ్లీ చూడటం వల్ల మన తీర్పు మారకపోతే ఆ ఫ్లాష్‌బ్యాక్ ఉత్త గారడీ. ఏటా వచ్చే డజన్ల సీరియళ్లలో ఎక్కువ భాగం ఆ గారడీలే. ఇంతకంటే లోతైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది: న్యాయాన్ని ఒక మంచి మనిషి చేతిలో పెట్టి, వ్యవస్థను తప్పిస్తారని. ‘విన్సెంజో’ వంటి వాటికి ఇది పూర్తిగా వర్తిస్తుంది. అందులో మాఫియా లాయర్ దుర్మార్గుల్ని వాళ్ల పద్ధతిలోనే చంపుతాడు. మనకు ఈల వేయాలనిపిస్తుంది, కానీ ఎవరి గురించీ మన అభిప్రాయం అంగుళం కదలదు. ‘ద గ్లోరీ’ కూడా పగ కథే అయినా మేలైన రచన. స్కూల్లో ఒళ్లంతా కాలిన అమ్మాయి ఎవరి కంటా పడకుండా పోయిన ఏళ్లను అది ఓపిగ్గా తిరిగి తెరుస్తుంది.

‘సిగ్నల్’ మీద మాత్రం ఆ ఆక్షేపణ నిలవదు. రచయిత్రి కిమ్ ఉన్-హీ కథలో ఒక కేసుకు ఆధారం 1986 నుంచి 1991 వరకు హ్వాసాంగ్‌లో జరిగిన హత్యలు. హత్య కేసుకు కాలపరిమితి అప్పట్లో 15 ఏళ్లు. అందుకే 2006లో ఆ ఫైళ్లు చట్టం దృష్టిలో చచ్చిపోయాయి. 2015లో హత్యకు కాలపరిమితి రద్దయింది, కానీ అప్పటికే గడువు దాటిన కేసులకు అది అక్కరకు రాలేదు. సీరియల్లో గడియారం ముల్లు గడువు దాటే నిమిషాల్లో మనం తిట్టుకునేది ఏ ఒక్క దుర్మార్గుణ్నో కాదు, ఆ నిబంధనను. ప్రసారమైన మూడేళ్లకు, 2019లో, డీఎన్ఏ పరీక్ష అప్పటికే మరో హత్య కేసులో జైల్లో ఉన్న మనిషిని హ్వాసాంగ్ హంతకుడిగా చూపింది. ఆ హత్యల్లో ఒకటి తానే చేశానని అంగీకరించి దాదాపు ఇరవయ్యేళ్లు జైల్లో గడిపిన ఇంకొక మనిషి నిర్దోషి అని 2020 డిసెంబరులో పునర్విచారణలో తేలింది. అసలు హంతకుడి మీద మాత్రం ఆ హత్యలకు కేసు నడవలేదు. గడువు దాటింది మరి.

ఇక అటార్నీ వూ మీద ఆటిజం ఉన్నవారి కుటుంబాల నుంచి వచ్చిన విమర్శ: అంత జ్ఞాపకశక్తి, అంత తెలివి ఉన్న అమ్మాయిని చూపిస్తే అవి లేని పిల్లల సంగతేమిటని. ఈ విమర్శను నేను ఒప్పుకుంటాను. మూడో ఎపిసోడ్ ఆ ప్రశ్నను తానే లేవనెత్తింది గానీ, తర్వాతి ఎపిసోడ్లు మళ్లీ ప్రతిభ మెరుపుల్లోకి వెళ్లిపోయాయి. అయితే ఆ సీరియల్లో నేను ముందు చూడమనేది పన్నెండో ఎపిసోడ్. దంపతులిద్దరూ ఒకే బీమా సంస్థలో పనిచేస్తుంటే భార్యల చేత రాజీనామా చేయించిన కేసు అది. యంగ్-వూ ఉన్నది సంస్థ వైపు, ఆ వైపే గెలుస్తుంది. ఓడిన ఉద్యోగినులు, వాళ్ల లాయర్ ర్యూ జే-సూక్ తలదించుకోరు. ఆ ఓటమిని యంగ్-వూ తన వైపు నుంచి కాక వాళ్ల వైపు నుంచి చూడటం అక్కడే మొదలవుతుంది.