కత్తెర ఎవరి చేతిలో ఉంది?

తరగతి గదిలోకి డాక్యుమెంటరీ వచ్చింది. మంచిదే. పాఠ్యపుస్తకం వెలివాడ వైపు చూడకపోయినా కెమెరా అయినా చూసింది కదా అని సంతోషపడ్డాం. సెల్‌ఫోన్లు వచ్చాక విద్యార్థులే తీసి, వాళ్ళే ఎడిటింగ్ చేసే ప్రాజెక్టులూ మొదలైనయ్. కానీ సినిమా వేసినంత మాత్రాన కులం గురించి పాఠం చెప్పినట్టేనా? ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఎవరు తేలుస్తున్నారు? ఇది అడక్కుండా తెర దించేస్తే మనం చేసింది సగం పనే.

ఆనంద్ పట్వర్ధన్ 'జై భీమ్ కామ్రేడ్' (2011) సంగతే తీసుకుందాం. 1997 జూలై 11న బొంబాయి ఘాట్కోపర్‌లోని రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసన తెలిపిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే 10 మంది చనిపోయారు. కొద్ది రోజులకే కవి గాయకుడు విలాస్ ఘోగ్రే ఉరేసుకున్నాడు. పట్వర్ధన్ 14 ఏళ్ళు ఈ కథ వెంట నడిచాడు. సినిమా నిడివి మూడు గంటల పైమాటే. మన పీరియడ్ 45 నిమిషాలు! అధ్యాపకుడు ఏం చేస్తాడు? కాల్పులు, శవాలు, ఏడుపులు చూపించి గంట కొట్టగానే ఆపేస్తాడు. ఆ సినిమా నిండా ఉన్న పాటలు, అంబేద్కర్ని గుండెల్లో పెట్టుకున్న గాయకులు, వాళ్ళ వాదాలు తరగతికి చేరవు. దళితుడంటే చచ్చిపోయినవాడే తప్ప పాడేవాడు, వాదించేవాడు కాదన్న పాఠం మిగుల్తది. ఇది దర్శకుడి ఎడిటింగ్ కాదు, టైంటేబుల్ ఎడిటింగ్. పట్వర్ధన్ దళితుడు కాదు కదా, ఆయన కోత సంగతేంటి అని కూడా అడగాల్సిందే. అయితే ముందు మన కోత సంగతి తేల్చుకోవాలి.

ఈ తప్పు నేనూ చేశాను. నా తరగతిలో నలుగురు విద్యార్థుల బృందం ఒక మాదిగవాడ మీద చిన్న వీడియో తీసింది. అందులో ఒకడిది ఆ వాడే. వాళ్ళమ్మ కూలిరేట్ల గురించి, భూమి కోసం పెట్టుకున్న అర్జీల గురించి చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒక్కసారి కళ్ళు తుడుచుకుంది. వీడియోలో మిగిలింది ఆ కళ్ళు తుడుచుకున్న ముక్కే, దాని కింద వేణువు. నేను మంచి మార్కులు వేశాను. తర్వాత ఆ కుర్రాడొచ్చి, "మా అమ్మ ఏడ్వడానికి కూర్చోలేదు సార్, లెక్క చెప్పడానికి కూర్చుంది" అన్నాడు. ఎడిటింగ్ చేసేటప్పుడు నువ్వెందుకు చెప్పలేదంటే, కంప్యూటర్ తన చేతికి రాలేదన్నాడు. కత్తెర వేరేవాళ్ళ దగ్గర ఉంది, వాడిదగ్గర ఉన్నది అమ్మ మాత్రమే.

దీనికి జవాబు మన దగ్గరే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల చివర్లోనే వీడియో నేర్చుకున్నారు. చదువు రానివాళ్ళు కూడా తీశారు, ఎడిటింగ్ చేశారు. షాట్లకు పేర్లూ వాళ్ళే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా చూసేది సంఘం షాట్. కెమెరా ఎత్తులో కులం, పెత్తనం ఉంటయని సినిమా సిద్ధాంతాలు చదవకుండానే తేల్చేశారు.

అధ్యాపక మిత్రులు కనీసం ఇవి చెయ్యాలి. సినిమాలో ముక్కే చూపిస్తే, చూపించనిది ఏమిటో చెప్పాలి. దళిత విద్యార్థిని లేపి "మీవాళ్ళ గురించి చెప్పు" అనకూడదు. విద్యార్థుల వీడియోతో పాటు తీసేసిన ముక్కల జాబితా, ఎందుకు తీసేశారో కారణం రాయించాలి, దానికీ మార్కులుండాలి. ఎవరిని తీశారో వాళ్ళకే ముందు చూపించాలి, వాళ్ళు వద్దంటే మార్చాలి. ఎడిటింగ్ కంప్యూటర్ ముందు అందరూ వంతులవారీగా కూర్చోవాలి.

ఆ వీడియోని మేం మళ్ళీ ఎడిట్ చేశాం, ఈసారి ఆ కుర్రాడే కూర్చున్నాడు. వేణువు తీసేశాడు. కూలి లెక్క మొత్తం ఉంచాడు.